ఇంటికి చెద పట్టకమునుపే
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు మేమెన్నుకొన్న విషయము చూచుటకు చాల చిన్నది. బియ్యపుగింజంత ప్రాణి. దానికి ఎండ గిట్టదు, పొడిగాలి గిట్టదు. పని చేయువానికి కన్నులైనను లేవు. అయినను మన గ్రామములలో అది చొరని ఇల్లు లేదు, తినని దస్త్రము లేదు. అదియే చెద.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక గ్రామమునకు ప్రచార సభకై వెళ్లితిమి. వాన పట్టుకొన్నందున సభ పంచాయతీ కార్యాలయములోనే జరిగినది. సభ ముగియువేళకు ఒక వృద్ధురాలు వచ్చి, పింఛను కొఱకు తన భర్త మరణ ధ్రువపత్రము కావలెనని కార్యదర్శిని అడిగినది. ఆయన గోడకానించియున్న చెక్కబీరువా తెరచినారు. రిజిస్టర్లన్నియు వరుసగా, చక్కని అట్టలతో నిలిచియున్నవి. కావలసిన సంవత్సరపు రిజిస్టరును బయటికి లాగగా అట్ట మాత్రమే చేతికి వచ్చినది. లోపలి కాగితములు మన్నై క్రింద రాలినవి. ఆ వృద్ధురాలు ఎవరిని నిందింపలేదు. "చెద తిన్నదా నాయనా, మఱి నేనేమి చేయుదును?" అని మాత్రము అడిగినది. ఆ ప్రశ్నకు అచ్చటనున్న వారెవ్వరివద్దను సమాధానము లేదు. మావద్దను లేదు.

ఆ కార్యాలయమును చూచి మేము నవ్వుటకు లేదు. మేము పనిచేసిన ఒక కార్యాలయమునందే, నేలపై పెట్టిన కరపత్రముల కట్టలను వర్షాకాలము వెళ్లిన పిమ్మట విప్పి చూడగా, పంచుటకు మిగిలినవి పైనున్న నాలుగు కట్టలు మాత్రమే. క్రింది కట్టలను చెద మాకంటె ముందుగా చదివివేసినది.

ఆ వృద్ధురాలి ప్రశ్నకు సమాధానము ఆనాడు లేకపోయినను, అంతకు కొన్నేండ్ల ముందు ఉండెను. ఆ బీరువాను గోడకానించి నిలిపిన దినమున, ఆ కార్యాలయమునకు పునాది త్రవ్విన దినమున ఆ సమాధానము ఉండెను. చెద విషయమున చేయదగిన మేలైన పనులన్నియు చెద కనబడకమునుపు చేయవలసినవే. ఈ ఒక్క మాటను తన దేశపు ఇంటి యజమానులకు చెప్పుటకై నలువది సంవత్సరములకు పైగా శ్రమించిన ఒక కీటకశాస్త్రవేత్త చరిత్రను మీకు వినిపింప దలచినాము. ఆయన దేశము అమెరికా. కాని ఆయన చెప్పినది మన ఊరి ఇంటికిని వర్తించును.

చెద స్వభావము

ముందుగా శత్రువును తెలిసికొందము. ఇంగ్లీషువారు చెదను 'తెల్లచీమ' యని పిలిచిరి. అది పొరపాటు పేరు. చెదకు చీమతో చుట్టరికము లేదు. వంశమునుబట్టి చూచినచో అది బొద్దింకకు దాయాది. చీమవలె పెద్ద కుటుంబముగా నివసించును గనుక ఆ పేరు వచ్చినది. ఆ కుటుంబములో ఒక రాజు, ఒక రాణి, కావలి చెదలు, పనిచెదలు ఉండును. కఱ్ఱను కొఱికి తెచ్చునది పనిచెద. మిగిలినవారందఱు దాని నోటి కూడుతో బ్రతుకువారే. మన పొలములలో పుట్టలు పెట్టు జాతులలో రాణి దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. ఆ జాతులు కొఱికి తెచ్చిన కఱ్ఱను, ఆకును భూమిలోపల ఎరువుగా పేర్చి, దానిపై ఒకవిధమైన బూజును సేద్యము చేసి తినును.

తొలకరి వాన పడిన సాయంకాలము దీపముచుట్టు ముసురు ఉసిళ్లను మీరందఱు ఎఱుగుదురు. కొత్త కాపురములు పెట్టుటకు వెడలిన రెక్కల చెదలే ఆ ఉసిళ్లు. రెక్కల చీమలను చూచి ఉసిళ్లని భ్రమపడుట కలదు. చీమకు నడుము సన్నము, ముందు రెక్కలు పెద్దవి, వెనుక రెక్కలు చిన్నవి. ఉసిలికి నడుము లేదు, నాలుగు రెక్కలును సమానము. వాకిటి దీపమునకు వచ్చిన ఉసిళ్లను చూచి భయపడ నక్కఱలేదు. అవి ఎక్కడినుండియైనను రావచ్చును. కాని ఇంటి లోపల గోడ పగులునుండి గాని, గుమ్మము మొదటినుండి గాని ఉసిళ్లు బయలుదేరినచో, ఆ ఇంట చెద ఇదివఱకే కాపురమున్నదని గ్రహింపవలెను.

ఇక ముఖ్యమైన సంగతి. చెద చర్మము మిక్కిలి పలుచన. పొడిగాలి తగిలిన కొలది సేపటిలో అది ఎండి చచ్చును. అందుచేత మన ఇండ్లలో చొచ్చు నేలచెద తేమగల మంటిని విడిచి దూరముగా మనజాలదు. కఱ్ఱ ఎక్కడనున్నను, నేలనుండి అక్కడికి మట్టితో ఒక సన్నని కప్పుదారి కట్టుకొని, ఆ దారిలోనే రాకపోకలు సాగించును. గోడపై మీరు చూచు ఆ మట్టిచార చెదకు ప్రాణనాళము. నేలకును కఱ్ఱకును నడుమ ఆ దారి తెగినచో, పైనున్న చెదకు తేమ అందదు, క్రిందనున్న చెదకు కూడు అందదు. చెద నివారణ శాస్త్రమంతయు ఈ ఒక్క సత్యముపై నిలిచియున్నది.

తీగె స్తంభములనుండి గృహములకు

థామస్ ఎలియట్ స్నైడర్ 1885లో జన్మించిరి. యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము చదివి, 1909లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖయందలి కీటకశాస్త్ర విభాగమున చేరిరి. ఆ కాలమున ఆ దేశమున టెలిఫోను, టెలిగ్రాఫు తీగెలు ఊరూర ప్రాకుచుండెను. తీగెలను మోయువానిలో అనేకము చెస్ట్‌నట్ అను చెట్టు కఱ్ఱ స్తంభములు. కఱ్ఱ తొలుచు పురుగులు, వాటితోపాటు చెదలు ఈ స్తంభములను తినుచుండగా, అవి నేలకు సమమైన చోట బలహీనమై విరుగుచుండెను. ఈ నష్టముపై స్నైడర్ వ్రాసిన నివేదిక 1910లో ప్రకటింపబడెను.

ఆ యువకుని ఉద్యోగము స్తంభములతో ఆరంభమైనది. స్తంభమున చెడునది మంటికి ఆనిన భాగము. ఇంటికిని అదే నియమము వర్తించునని ఆయన మెల్లగా నిరూపించిరి. అమెరికా గ్రామములలో ఇండ్లు చాలవఱకు కఱ్ఱతో కట్టినవే. నేల కఱ్ఱ, గోడ కఱ్ఱ, మెట్లు కఱ్ఱ, కప్పు కఱ్ఱ. మెట్లు మంటిపై ఆనియుండును. దూలము తడినేలకు జానెడెత్తున ఉండును. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెక్కముక్కలను అక్కడనే పూడ్చివేయుదురు. ఇంటివారు తమకు తెలియకయే చెదకు భోజనము పెట్టి, మెట్లు వేసి, లోనికి పిలుచుచున్నారని ఆయన కనుగొనిరి.

తూర్పు అమెరికాలోని చెదల జీవితమును గూర్చియు, వాటి నివారణమును గూర్చియు ఆయన వ్రాసిన గ్రంథము 1915లో వెలువడెను. అది శాస్త్రజ్ఞుల కొఱకు. కాని ఆయన అంతటితో ఆగలేదు. ఆ దేశపు వ్యవసాయశాఖ రైతులకై చిన్న చిన్న పుస్తకములను అచ్చువేసి పంచుచుండెను. 1916లో చెదలపై అట్టి రైతు పుస్తకమొకటి స్నైడర్ వ్రాసిరి. ఆయన మఱియొక రైతు పుస్తకము 1920 దశాబ్దిలో వచ్చెను. ప్రచార కార్యమున నున్న మాకు ఆయనయందు గౌరవము ప్రధానముగా దీనివలననే కలిగినది. తాను సూక్ష్మదర్శినితో చూచినదానిని ఇంటి యజమానికి, వడ్రంగికి, తాపీమేస్త్రీకి అర్థమగు మాటలలో చెప్పుట తన ఉద్యోగములో భాగమని ఆయన తలచిరి.

1920లో జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టమిచ్చెను. 'మన శత్రువు చెద' యను అర్థము వచ్చు పేరుతో ఆయన రచించిన పుస్తకము 1935లో అచ్చై, 1948లో సంస్కరింపబడి మరల వచ్చెను. ప్రపంచమందలి చెద జాతుల పట్టికను 1949లో ప్రకటించిరి. 1951లో ఉద్యోగ విరమణ చేసినను పని విడువక, స్మిత్‌సోనియన్ సంస్థలో పరిశోధన సాగించిరి. క్రీస్తుపూర్వము 1350 మొదలు క్రీస్తుశకము 1954 వఱకు చెదలనుగూర్చి లోకమున వ్రాయబడిన వ్రాతల సూచిక 1956లో ఆయన పేర వెలువడెను. 1970లో ఆయన కాలధర్మము చెందిరి. చెద మానవుని ఎంతకాలముగా పీడించుచున్నదో చెప్పుటకు ఆ సూచిక పేరే చాలును.

కఱ్ఱకును మంటికిని నడుమ

డాక్టర్ స్నైడరు, వారి సహచరులు ఇంటివారికి చెప్పిన విషయములు కొన్ని మాత్రమే.

ఇల్లు కట్టు స్థలమున పాత మొద్దులు, వేళ్లు, చెక్కముక్కలు ఉన్నచో తీసివేయుడు. కాంక్రీటు పోయుటకు కట్టిన చెక్కలను మంటిలో విడువకుడు. ఇంటి కఱ్ఱ ఏదియు మంటికి తగులకుండునట్లు రాతిపై గాని, కాంక్రీటుపై గాని నిలుపుడు. నేలకును క్రింది దూలములకును నడుమ గాలి ఆడునట్లు, మనిషి దూరి చూచుటకు వీలగునట్లు ఎడము విడువుడు. వాననీరు పునాదివద్ద నిలువనీయకుడు. మంటికి తగులక తప్పని కఱ్ఱను క్రియోసోటు వంటి తారునూనె లోపలికి ఇంకునట్లు చేసి వాడుడు. సంవత్సరమునకు ఒక్కసారియైనను దీపము పట్టుకొని ఇల్లు చూచుకొనుడు.

ఇవి నూఱేండ్ల నాటి మాటలు. నేటికిని ఇందులో కొట్టివేయదగినది కొంచెమే. ఈ నియమములను పట్టణముల గృహనిర్మాణ నిబంధనలలో చేర్చవలెనని కూడ స్నైడర్ కోరుచు వచ్చిరి. ఇల్లు కట్టువాడు మఱచినను నిబంధన మఱవదు గదా. పంచాయతీ సభ్యులైన మీరు ఈ సంగతిని ప్రత్యేకముగా గుర్తింప కోరుచున్నాము.

ఆయన కాలమున చెదపేరు చెప్పి జనులను భయపెట్టి సొమ్ము గుంజు వ్యాపారులును బయలుదేరిరి. ఇల్లు నేడో రేపో కూలునని చెప్పి అప్పటికప్పుడు ఒప్పందము వ్రాయించుకొందురు. నిజమునకు చెద మెల్లగా తినును. ఒక దినములోగాని, ఒక వారములోగాని ఇల్లు కూలదు. తొందరపడక, నలుగురిని విచారించి, చూచి చేసికొనుటకు ఇంటివానికి వ్యవధి ఉన్నది. ఈ మాట చెప్పుటయు శాస్త్రజ్ఞుని ధర్మమే. భయము అమ్ముకొనువానికి తెలియనివారి ఇల్లే సులభమైన సంత.

శాస్త్రము తన మాటను తానే సరిదిద్దుకొనును. దానికొక ఉదాహరణము చెప్పెదము. పునాదికిని కఱ్ఱకును నడుమ అంచు క్రిందికి వంగునట్లు రేకు పఱచినచో చెద దాటలేదని ఆ రోజులలో చెప్పిరి. ఏండ్ల తరబడి చూడగా, అతుకు సరిగాలేని చోట చెద దాటుననియు, కొన్ని చోట్ల రేకు అంచునుండియే దారి కట్టుననియు తేలినది. అయినను రేకు వ్యర్థము కాదు. లోలోపల ఎక్కు చెదను అది బయటికి రప్పించును. బయటికి వచ్చిన దారి మన కంట బడును. కనుక రేకు కోట కాదు, కావలివాడు మాత్రమే. కావలివాడు కేక వేసినను ఇంటివాడు లేవనిచో ప్రయోజనము లేదు.

మందుల కాలము

రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట కథ మారినది. 1948లో అమెరికాలో క్లోర్డేన్ అను మందు వాడుకలోనికి వచ్చెను. ఆల్డ్రిన్, డీల్డ్రిన్, హెప్టాక్లోర్ అనునవి దాని తోబుట్టువులు. పునాదిచుట్టు మంటిలో పోసినచో పది, ఇరువది సంవత్సరములకును ఆ మందు చెడదు. ధర తక్కువ, శ్రమ తక్కువ. మిసిసిపి రాష్ట్రమున గల్ఫ్‌పోర్ట్ సమీపమున ఆ దేశపు అటవీశాఖవారు మందు పోసిన నేలపై చెక్కముక్కలు పెట్టి, కొన్నిటిపై కాంక్రీటు పలక పఱచి, చెద ఎన్నేండ్లకు దాటునో ఏటేట చూచి వ్రాసిరి. ఆ పరీక్షలలో మందు గెలిచినది.

మందు గెలిచినకొలది మనుష్యులు మునుపటి జాగ్రత్తలను విడిచిరి. కఱ్ఱ మంటికి తగిలినను భయము లేదు, మందున్నది గదా యని తలచిరి. కాని చెడని మందు చెడకపోవుటయే దోషమైనది. అది నేలలో నిలిచినట్లే ఇంటిగాలిలోను, జంతువుల కొవ్వులోను, మనుష్యుల దేహములోను నిలిచినది. 1988లో అమెరికాలో క్లోర్డేన్ అమ్మకము నిలిపివేయబడినది. 2001లో స్టాక్‌హోమ్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమున, ఏండ్ల తరబడి నశింపని విషముల తొలి పట్టికలోనే పై నాలుగు మందులును చేరినవి. మన దేశమునను అవి నిషిద్ధములు. మన గ్రామములలో ఒకప్పుడు గోడమూలల చల్లిన గమాక్సిన్ పొడియు నేడు నిషిద్ధమే. ఎవరి అటకమీదనైనను పాత డబ్బా ఉన్నచో దానిని వాడరాదు, కాలువలో పారవేయరాదు. వ్యవసాయాధికారికి తెలియజేయవలెను.

అప్పుడు శాస్త్రజ్ఞులు మరల చెద స్వభావమువైపు చూచిరి. తైవాన్‌లో జన్మించి, అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున పనిచేసిన నాన్-యావో సు అను కీటకశాస్త్రవేత్త ఒక కొత్త మార్గమును సాధించిరి. చెద ఒకదానినోటి కూడు మఱియొకదానికి పెట్టునని చెప్పితిమి గదా. చెద పెరుగుటకు పాతపొర విడువవలెను. ఆ పొర విడువనీయని మందును అతిస్వల్పముగా చెక్కపొట్టువంటి ఎరలో కలిపి నేలలో పెట్టినచో, పనిచెదలే దానిని తీసికొనిపోయి కుటుంబమంతటికి పంచును. 1995 నుండి ఈ ఎరపద్ధతి అమెరికా మార్కెట్టులోనికి వచ్చినది. నేలనంతయు విషముతో తడుపు పద్ధతికిని దీనికిని ఎంత భేదము! అయితే ఎర పెట్టినవాడును మాటిమాటికి వచ్చి చూడవలసినదే. చూచుకొనుట అను పనినుండి ఏ మందును మనకు సెలవు ఇయ్యలేదు.

మన దేశపు అనుభవము

ఇది పరదేశపు కథయని కొందఱు తలంతురేమో. పంజాబు రాష్ట్రమున గురుదాస్‌పూర్ జిల్లాలో శ్రీ హరగోవింద్‌పూర్ అను పట్టణము కలదు. ఒక జాతి నేలచెద ఆ ఊరి ఇండ్లను పట్టి తినివేసిన సంగతిని కీటకశాస్త్రవేత్త మితన్ లాల్ రూన్వాల్ 1955లో ప్రకటించిరి. చెద ఒక ఊరినే పాడుచేయుచున్నదని ఆయన వ్రాసిరి. అంతవఱకు ఒక ఇల్లు చెడినది, ఒక దూలము విరిగినది యని వినుచుంటిమి. ఊరికి ఊరే చెడునని ఆ నివేదిక చెప్పినది. చెదకు గోడలు, సరిహద్దులు లేవు. ఒక ఇంటి పునాది పొరుగింటికి దారి. అందుచేత ఇది ఒక్క గృహస్థుని పని కాదు, ఊరి పని.

రూన్వాల్ గారు డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయమున పనిచేసి, పిమ్మట భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు డైరెక్టరుగానుండిరి. మన దేశపు చెదలపై ఆయనయు, ఛోటానీ గారును కలసి రచించిన గ్రంథము 1989లో వెలువడెను. ఇండ్లకు చెద నివారణను గూర్చి మన దేశమునకు ప్రత్యేక ప్రమాణము కూడ కలదు. దాని సంఖ్య ఐ.ఎస్. 6313. అందు మూడు భాగములు. మొదటిది నిర్మాణములో తీసికొనవలసిన జాగ్రత్తలు, రెండవది ఇల్లు కట్టుచున్నప్పుడు నేలకు పట్టింపవలసిన మందు, మూడవది కట్టిన ఇండ్లకు చికిత్స. ఆ వరుసను గమనింపుడు. నిర్మాణము ముందు, మందు తరువాత.

ఒక సమావేశమున ఒక పెద్దమనిషి మమ్ములను ప్రశ్నించినారు: "మా తాతలనాటి మండువా ఇల్లు ఇప్పటికిని నిలిచియున్నది. అప్పుడేమి మందులు పోసినారండీ?" ఆ ప్రశ్న చాల మంచిది. ఆ మండువా స్తంభముల మొదలు చూడుడు. కఱ్ఱ స్తంభము మంటిలో దిగియుండదు, రాతి దిమ్మపై నిలిచియుండును. అరుగులు ఎత్తు. కఱ్ఱ చేవగల టేకు. పెంకు ఏటేట తిరుగవేయువారు గనుక వాసము వాసమును మనిషి కన్ను తడవుచుండెడిది. డాక్టర్ స్నైడర్ పుస్తకమున చెప్పినవే మన వడ్రంగులు చేతితో చేసిరి. నేడు మనము చేవలేని తెల్లకఱ్ఱతో గుమ్మము చేయించి, దానిని మంటిలో పాతి, పైన ఖరీదైన రంగు వేయుచున్నాము. చెదకు రంగు లెక్క కాదు.

కాంక్రీటు కప్పు వేసితిమి గదా, ఇక భయమేమియని మఱికొందఱందురు. కాంక్రీటును చెద తినదు, నిజమే. కాని మిల్లీమీటరుకు లోపైన పగులు దానికి వీధివంటిది. ఆ వీధిలో ఎక్కి గుమ్మము, కిటికీ, బీరువా, పిల్లల పుస్తకములు, ఇంటి దస్తావేజులు తినును.

పంచాయతీలు చేయదగినది

రాజ్యాంగపు 11వ షెడ్యూలున పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. గ్రామీణ గృహనిర్మాణము అందొకటి. సామాజిక ఆస్తుల సంరక్షణ చివరిది. ఊరిలో ఇల్లు కట్టువాడు అనుమతికై మీవద్దకే వచ్చును. ఆ ఘడియయే మంచి ఘడియ. అందుచేత ఈ క్రింది విషయములను మీ ముందుంచుచున్నాము.

1. ఇంటికి అనుమతి ఇచ్చునప్పుడు యజమానితో ఐదు నిమిషములు మాట్లాడుడు. పునాది గోతిలోని మొద్దులు, వేళ్లు, చెక్కలు తీసివేయించవలెను. అరుగు మట్టమున గోడ పొడవునను తెంపులేకుండ దట్టమైన సిమెంటు కాంక్రీటు పొర వేయించవలెను. గుమ్మము కాళ్లు మంటిలో దింపక ఆ పొరకు పైననే నిలుపవలెను. మట్టిగోడల ఇంట ఇది మఱింత ముఖ్యము. మట్టిగోడ లోపలనుండి చెద ఎక్కిన కంటికి కనబడదు.

2. ఇంటిచుట్టు నీరు నిలువకుండ వాలుగా సిమెంటు చట్టము వేయించవలెను. కట్టెల మోపులు, పిడకలు, గడ్డివామి గోడకానించి పెట్టరాదు.

3. మందు పట్టింపదలచినచో, అది ఇల్లు కట్టుచుండగా, పునాది గోతి అడుగున, ప్రక్కల, అరుగు మట్టిపైన, గోడయు నేలయు కలియు చోట వరుసగా పట్టింపవలెను. ఇల్లు ముగిసిన పిదప అదే పనికి నేలకు రంధ్రములు వేయవలసి వచ్చును, ఖర్చు పెరుగును. ప్రభుత్వ నమోదు పొందిన మందునే, డబ్బాపై వ్రాసిన మోతాదులోనే, శిక్షణ పొందినవారిచేతనే వాడింపవలెను. బావి, బోరు, త్రాగునీటి తొట్టికి దగ్గఱగా పోయరాదు. వానలో, తడినేలలో పోయరాదు. ఆ సమయమున పిల్లలను, గర్భిణీస్త్రీలను దూరముగా నుంచవలెను.

4. కిరసనాయిలు, వాడిన ఇంజను నూనె పూసి తృప్తిపడరాదు. అవి తగిలిన నాలుగు చెదలను చంపును. నేలలోని కుటుంబమును తాకవు. మట్టిదారి కనబడిన వెంటనే తుడిచివేసి మఱచిపోవుటయు తప్పే. ముందుగా అది ఎక్కడ ఆరంభమై ఎచ్చటికి పోవుచున్నదో గుర్తుపెట్టుకొని, తరువాత త్రుంచి, కొన్ని దినములకు మరల చూడవలెను. దారి మరల కట్టబడినచో చెద ఇంకను పనిలోనున్నదని అర్థము.

5. పొలము గట్టున నున్న ప్రతి పుట్టను త్రవ్వి పారవేయుట అవసరము కాదు. పుట్టకు పాలు పోయు ఆచారమును మేము కాదనుటలేదు. చెద అడవిలో రాలిన కఱ్ఱను, ఆకును మన్నుచేసి నేలకు మేలు చేయునది. అది ఇంటిలోనికి వచ్చినప్పుడే మనకు శత్రువు. ఇంటిలోని చెద చాలసార్లు పైకి పుట్ట లేకయే నేలలో నుండును గనుక, పెరటి పుట్టను త్రవ్వితిమి, ఇక భయము లేదనుకొనుటయు పొరపాటే.

6. బడి, అంగన్‌వాడీ, గ్రంథాలయము, పంచాయతీ కార్యాలయము, ధాన్యపు గిడ్డంగి ఊరి ఆస్తులు. తొలకరికి ముందొకసారి, వానలు వెనుకబడిన పిమ్మట ఒకసారి ఇద్దఱు సభ్యులు, ఒక వడ్రంగి కలసి వీనిని దీపముతో చూడవలెను. దూలము చివరలు, గుమ్మపు కాళ్లు, బీరువాల వెనుకభాగము చూడవలెను. కఱ్ఱను సుత్తితో తట్టినచో డొల్లశబ్దము చెద గుట్టును బయటపెట్టును. చూచిన తేది, కనబడినది ఒక పుస్తకములో వ్రాసి గ్రామసభలో చదువవలెను. డాక్టర్ స్నైడర్ నలువది సంవత్సరములు చేసిన పనిలో సగము ఈ చూచి వ్రాయుటయే.

7. రిజిస్టర్లను ఇనుప బీరువాలో, గోడకు జానెడు దూరమున, నేలకు ఎత్తున పెట్టవలెను. కొన్ని వివరములు నేడు కంప్యూటరులో చేరినను, పాత రిజిస్టరు చెడినచో దానిని ఏ యంత్రమును తిరిగి తేలేదు.

సోదరీసోదరులారా! ఈ పనులలో పెద్ద ఖర్చు గలవి ఒకటి రెండే. మిగిలినవి కంటికిని, కాళ్లకును పని చెప్పునవి. పేదవాడు జీవితములో ఒకేసారి ఇల్లు కట్టును. ప్రభుత్వమిచ్చిన సహాయమునకు తన కూలిడబ్బు, భార్య మెడలోని బంగారము కలిపి కట్టును. ఆ ఇంటి గుమ్మము ఐదేండ్లకే డొల్లయైనచో మరల చేయించుకొను శక్తి వానికి లేదు. అనుమతి పత్రముపై సంతకము చేయునప్పుడు మీరు చెప్పు నాలుగు మాటలు ఆ ఇంటికి నలువదియేండ్ల ఆయువు పోయవచ్చును.

ఆ వృద్ధురాలి సంగతి ఏమైనదని మీరడుగవచ్చును. ఊరి పెద్దల వాఙ్మూలములు, ప్రమాణపత్రములు కూర్చి, కార్యాలయముల చుట్టు ఎన్నో నెలలు తిరిగిన మీదట ఆమెకు పత్రము చేతికి వచ్చినది. బీరువాను గోడకు జానెడు ఎడముగా జరిపియుండినచో ఆమెకు ఆ తిరుగుడు తప్పియుండెడిది. మేము తరువాత ఆ ఊరికి వెళ్లినప్పుడు ఇనుప బీరువా గోడకు దూరముగా నిలిచియున్నది. దాని వెనుక కార్యదర్శి ప్రతినెల చూచిన తేదీలు సుద్దముక్కతో వ్రాసి యున్నవి. మీ కార్యాలయములలోను అట్టి తేదీలు కనబడవలెనని కోరుచున్నాము.